బీచ్ రోడ్డు ఛారిటీ టెన్‌కే: పరుగుకి నాలుగు స్టార్లు, ఛారిటీకి రెండే

ముందే చెప్పేస్తున్నా, నేను పెద్ద రన్నర్‌ని కాదు. కిలోమీటరు ఏడు నిమిషాల్లో లాగితే ఆ రోజు బాగా పరిగెత్తినట్టే లెక్క. పొట్ట తగ్గుతుందని మొదలుపెట్టి, పొట్ట ఎక్కడిదక్కడే ఉన్నా పరుగు మానలేకపోయిన బ్యాచ్. కాబట్టి ఇది పోడియం ఎక్కేవాళ్ళ రివ్యూ కాదు, మధ్యలో ఎక్కడో రొప్పుకుంటూ వచ్చేవాళ్ళ రివ్యూ. ఈవెంట్ పేరు కావాలనే రాయట్లేదు. చలికాలం వచ్చిందంటే మా వైజాగ్ ఆర్కే బీచ్‌లో ఏదో ఒక మంచి పని పేరు మీద ఒక ఆదివారం పరుగు పెడుతూనే ఉంటారు, ఇక్కడ రాసినవి వాటిలో చాలావాటికి అటూ ఇటూగా సరిపోతాయి.

ఫీజు టెన్‌కేకి, అంటే పది కిలోమీటర్ల పరుగుకి, తొమ్మిది వందల దగ్గర, ప్లాట్‌ఫామ్ ఫీజు, జీఎస్టీ కలిపితే వెయ్యి దాటింది. దానికి టీషర్టు, చిప్ ఉన్న బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితం), మెడల్, టిఫిన్, ఆన్‌లైన్ సర్టిఫికెట్. పోస్టర్ మీద మాత్రం వీటన్నిటికంటే పెద్ద అక్షరాల్లో "పిల్లల గుండె ఆపరేషన్ల కోసం" అని ఉంది. ఆ సంగతికి చివర్లో వస్తాను, నా గొడవంతా అక్కడే.

బిబ్ ముందు రోజు సిరిపురం వైపు ఒక హాల్లో ఇచ్చారు, అదీ మధ్యాహ్నం నుంచి సాయంత్రం లోపు మాత్రమే. గాజువాక, కూర్మన్నపాలెం నుంచి వచ్చేవాళ్ళు ఒక కాగితం ముక్క కోసం సగం శనివారం రాసిచ్చేయాలి. వేరేవాళ్ళ బిబ్ తీసుకోవాలంటే ఆధార్ కాపీ, ఉత్తరం కావాలన్నారు. అది సబబే, ఎందుకంటే ఒకరి బిబ్‌తో ఇంకొకరు పరిగెత్తి దారిలో పడిపోతే ఆసుపత్రివాళ్ళ చేతికి వేరే మనిషి పేరు, వేరే మనిషి బ్లడ్ గ్రూపు వెళ్తాయి. కానీ ఆ ముక్క మెయిల్‌లో ముందే రాయొచ్చుగా? క్యూలో నా ముందున్న ఆయన తమ్ముడి బిబ్ కోసం మధురవాడ నుంచి వచ్చి ఉత్త చేతులతో వెళ్ళాడు.

బిబ్ వెనక స్పాంజి పట్టీ ఒకటి అతికించి ఉంటుంది చూశారా, చాలామంది అది ప్యాకింగ్ అనుకుని పీకేస్తారు. పీకొద్దు. చిప్ దాని దగ్గరే ఉంటుంది. మన ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళే, చిప్ ఒంటికి అతుక్కుపోతే రేడియో సిగ్నల్ సరిగ్గా అందదు, ఆ స్పాంజి కాస్త ఎడం ఉంచుతుంది. బిబ్ మడతపెట్టకూడదు, పైన జాకెట్ కప్పకూడదు, ఛాతీ మీదే పిన్నులు పెట్టుకోవాలి. నేల మీద పరిచిన మ్యాట్ దాటినప్పుడే టైమ్ నమోదవుతుంది. రేసు మొదలైన క్షణం నుంచి లెక్కేసేది గన్ టైమ్, మనం స్టార్ట్ మ్యాట్ దాటిన క్షణం నుంచి లెక్కేసేది చిప్ టైమ్. వెనక వరసలో ఉండే మనలాంటివాళ్ళకి చిప్ టైమే న్యాయం, కాబట్టి మొదట్లో జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్ళే పనే లేదు. ఇక్కడ టైమింగ్ వాళ్ళు పనిమంతులు. యూటర్న్ దగ్గర కూడా మ్యాట్ వేశారు, డివైడర్ దాటి మధ్యలోనే వెనక్కి తిరిగేసే మహానుభావులు దొరికిపోవాలి కదా. ఇంటికి చేరేలోపే ఫోన్‌కి మెసేజ్ వచ్చేసింది.

టీషర్టు పాలిస్టర్, పర్లేదు. వీపు మీద స్పాన్సర్ల పేర్లు మాత్రం శుభలేఖలో చుట్టాల పేర్లలా పై నుంచి కింద దాకా ఉన్నాయి. కొత్త టీషర్టు ఉతక్కుండా రేసు రోజే వేసుకోకండి, మన ఉక్కకి చెమటతో తడిసి గీరుకుపోతుంది. ఫినిష్ దగ్గర ఫొటోల్లో మగాళ్ళ ఛాతీ మీద ఎర్రటి చారలు కనిపిస్తే అది రంగు పోయిన టీషర్టు కాదు, రక్తం. కాస్త వాసలీన్ రాసుకుంటే చాలు, దీంట్లో సిగ్గుపడాల్సిందేం లేదు.

ఇక స్టార్ట్. ఐదున్నరకి ఫ్లాగ్ ఆఫ్ అన్నారు. ఐదింటికే కాళీమాత గుడి దగ్గర జనం, పాండురంగాపురం వీధుల్లో బండి పెట్టడానికి చోటు లేదు. జుంబా అయింది. ముఖ్య అతిథి గారి కోసం ఇంకోసారి జుంబా అయింది. ఆయన వచ్చాక శాలువా, జ్ఞాపిక, ఆరోగ్యమే మహాభాగ్యం మీద ఉపన్యాసం, అన్నీ పూర్తయి వదిలేసరికి ఆరు దాటిపోయింది. వైజాగ్‌లో ఈ అరగంట చిన్న విషయం కాదండీ. తూర్పు తీరం, పక్కనే సముద్రం, ఎండకి అడ్డం ఏమీ ఉండదు, సూర్యుడు లేవడమే మన మీదకి లేస్తాడు. వెళ్ళేటప్పుడు కుడి చెంప, వచ్చేటప్పుడు ఎడమ చెంప. డిసెంబరులో కూడా గాలిలో తేమ ఉంటుంది, చెమట కారుతుందే గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. మొన్న ఆఖరి రెండు కిలోమీటర్లు నేను పరిగెత్తిందానికంటే ఈడ్చిందే ఎక్కువ. ఆ సన్మానాలు పరుగు అయ్యాక పెట్టుకోండి, ఇడ్లీ తింటూ ఎంతసేపైనా చప్పట్లు కొడతాం.

రూటు గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. కుడి పక్క కురుసుర సబ్‌మెరైన్, ఎడమ పక్క టీయూ-142 విమానం, ఆ రెంటి మధ్యలోంచి బండ్ల హారన్ లేకుండా పరిగెత్తడం మనకే చెల్లింది. తర్వాత వుడా పార్కు, దాని పేరు ఇప్పుడు వీఎంఆర్‌డీఏ పార్కు అని ఎన్ని బోర్డులు పెట్టినా ఊరంతా వుడా పార్కనే అంటుంది. తర్వాత పెదజాలరిపేట, లాసన్స్ బే, జోడుగుళ్ళపాలెం. సముద్రం పక్క రోడ్డంటే చదునుగా ఉంటుందనుకుని బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మొదట్లో దూసుకెళ్తారు. జోడుగుళ్ళపాలెం దాటాక కైలాసగిరి కింద రోడ్డు తెన్నేటి పార్కు వైపు ఎత్తు ఎక్కుతుంది, సరిగ్గా 2020లో బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి ఒడ్డెక్కిన చోటికి దగ్గర్లో వాళ్ళ ఊపిరి కూడా ఒడ్డెక్కుతుంది. అక్కడ అడుగులు చిన్నవి చేసుకుని నెమ్మదిగా ఎక్కండి, దిగేటప్పుడు మళ్ళీ వసూలు చేసుకోవచ్చు.

పెదజాలరిపేట దగ్గర నెత్తిన చేపల గంప పెట్టుకుని ఒకావిడ రోడ్డు దాటడానికి నిలబడి ఉంది. వాలంటీర్ కుర్రాడు ఆగమంటున్నాడు, జనం తెగట్లేదు. ఆవిడ నన్ను చూసి, "ఏటి బాబూ, డబ్బులిచ్చుకుని మరీ పరిగెడతన్నారా?" అంది. అవునన్నాను. నవ్వి, మా మధ్యలోంచే దాటేసింది. రోడ్డు మూసేటప్పుడు ఆ పేటవాళ్ళ పొద్దుటి పని సంగతి కూడా ఎవరైనా ఆలోచిస్తే బాగుంటుంది, వాళ్ళకి ఆదివారమైనా సోమవారమైనా చేపలు చేపలే.

నీళ్ళ విషయం. రెండున్నర కిలోమీటర్లకో స్టాల్ పెట్టారు, సరిపోతుంది. వాలంటీర్లు కాలేజీ పిల్లలు, ఈ ఈవెంట్‌కి ప్రాణం వాళ్ళే. యూటర్న్ దగ్గర ఒక అమ్మాయి ప్రతి సీసా మూత తనే తీసి, మూత వేరే కవర్లో పడేసి, సీసాని అడుగున పట్టుకుని మన చేతికి మెడ అందేలా చాపుతోంది. ఆగకుండా అందుకోవచ్చు. ఆ పిల్లకి ఎవరు నేర్పారో గానీ మిగతా స్టాళ్ళలో ఇది లేదు, మూతలన్నీ రోడ్డు మీదే, షూ కింద పడితే మడమ తిరిగిపోతుంది. ఇంకోటి, 2022 జులై నుంచి దేశమంతా ప్లాస్టిక్ గ్లాసులు నిషేధం, సీసాలు కాదు. అందుకని పావు లీటరు సీసాలు పెట్టారు. అందరూ రెండు గుక్కలు తాగి విసిరేస్తారు, గాలికి సగం ఇసుకలోకి దొర్లిపోతాయి. పేపర్ గ్లాసులో సగం నీళ్ళు పోసిస్తే సరిపోయేదానికి సముద్రం పక్కనే ఇంత చెత్త. ఆఖరి స్టాల్లో ఓఆర్ఎస్ కలిపి పెట్టారు, అది మెచ్చుకోవాలి. మన ఉక్కలో గంటకి పైగా చెమట కార్చినవాడికి ఉప్పు కూడా కావాలి, ఒట్టి నీళ్ళే పొట్ట నిండా తాగడం మంచిది కాదు.

అసలు గందరగోళం వెనక్కి వచ్చేటప్పుడు. టెన్‌కే వదిలిన పావుగంటకి ఫైవ్‌కే, ఆ వెంటనే త్రీకే ఫన్ రన్ వదిలారు. త్రీకే అంటే కుటుంబాలు, స్కూలు పిల్లలు, బ్యానర్ పట్టుకున్న ఆఫీసు బృందాలు, నడక. వాళ్ళు రావాలి, వాళ్ళు వస్తేనే ఛారిటీకి అర్థం. కానీ మేం తిరిగి సబ్‌మెరైన్ దగ్గరికొచ్చేసరికి రోడ్డంతా చేతులు పట్టుకుని నడిచేవాళ్ళు, సెల్ఫీ కోసం ఠక్కున ఆగేవాళ్ళు. "అన్నా సైడ్, అక్కా సైడ్" అని అరుచుకుంటూ ఆఖరి కిలోమీటరు కబడ్డీ ఆడినట్టే సాగింది. ఒక పిల్లాడు నా కాళ్ళకి అడ్డం వచ్చాడు, వాళ్ళ నాన్న లాగేశాడు కాబట్టి సరిపోయింది. బీచ్ రోడ్డుకి మధ్యలో డివైడర్ ఉంది, ఒక పక్క వాళ్ళకి, ఒక పక్క మాకు ఇచ్చినా తీరిపోయేది.

దూరం కూడా తేడా కొట్టింది. మామూలుగా సరిగ్గా కొలిచిన టెన్‌కేలో మన వాచీ పది కంటే కొంచెం ఎక్కువే చూపిస్తుంది, మలుపుల్లో మనం లోపలి గీత పట్టుకుని పరిగెత్తం కదా. పైగా పద్ధతిగా కొలిచేవాళ్ళు సైకిల్ చక్రానికి జోన్స్ కౌంటర్ అనే, చక్రం ఎంత తిరిగిందో లెక్కపెట్టే పరికరం బిగించి కొలుస్తారు, పొరపాటున కూడా తక్కువ రాకూడదని వెయ్యికి ఒకటి చొప్పున, అంటే పది కిలోమీటర్లకి పది మీటర్లు అదనంగా కలుపుతారు. ఇక్కడ చుట్టూ ఎవరి వాచీ చూసినా తొమ్మిదిన్నర దాటి ఆగిపోయింది. యూటర్న్ కోన్ పెట్టాల్సిన చోటు రాకముందే పెట్టేసినట్టుంది. పర్సనల్ బెస్ట్ వచ్చిందని స్టేటస్ పెట్టినవాళ్ళంతా ఒకసారి చూసుకోండి.

టాయిలెట్లు ఆడవాళ్ళకి, మగవాళ్ళకి సమానంగా పెట్టారు, అంటే ఆడవాళ్ళకి చాలలేదని అర్థం. ఫైవ్‌కేకి వచ్చిన మా అక్క క్యూలో ఉండగానే వాళ్ళ రేసు మొదలైపోయింది. ఫిజియో టెంటు, అంబులెన్సు ఉన్నాయి. టిఫిన్ ఉప్మా, రెండు ఇడ్లీ, అరటిపండు, మజ్జిగ. ఆ మజ్జిగలో అల్లం, కరివేపాకు, సరైన ఉప్పు, దానికి విడిగా ఐదు స్టార్లు. మెడల్ బరువుగా, బాగుంది.

ఇప్పుడు ఛారిటీ. ఫినిష్ అయ్యాక స్టేజీ మీద మనిషంత అట్టముక్క చెక్కు. ఫొటోలన్నీ దాంతోనే. అంకె వేసే చోట "రన్ ద్వారా వచ్చిన మొత్తం" అని రాసి ఉంది, అంకె లేదు. ఆపరేషన్ అయిన ఒక బాబుని స్టేజీ ఎక్కించి, చొక్కా గుండీలు విప్పించి కుట్లు చూపించారు. ఆరేడేళ్ళుంటాయి, వాడు అంతసేపూ నేలనే చూస్తున్నాడు. ఇది నాకు అస్సలు నచ్చలేదు. పిల్లాడి ఛాతీ చూపిస్తే తప్ప నమ్మమని ఎవరన్నారు? లెక్క చూపించండి, నమ్ముతాం.

మన వెయ్యిలో టీషర్టు, మెడల్, టైమింగ్, స్టేజీ, సౌండు, బారికేడ్లు, టిఫిన్ పోగా మిగిలేది ఎంతో ఊహించుకోవచ్చు. దాంట్లో దొంగతనం ఉందని అనట్లేదు, పరుగు పెట్టడానికి ఖర్చవుతుంది. కానీ ఆ ఖర్చుని దానం అని పిలవకూడదు. ముంబై మారథాన్‌లో చూడండి, ఎంట్రీ ఫీజు వేరు, విరాళం వేరు. రన్నర్లు తమకి నచ్చిన సంస్థ కోసం తెలిసినవాళ్ళ దగ్గర డబ్బు పోగుచేస్తారు, యునైటెడ్ వే ముంబై అనే స్వచ్ఛంద సంస్థ ఆ లెక్క చూస్తుంది. ఇంకో దారి టెర్రీ ఫాక్స్ రన్. క్యాన్సర్‌తో కాలు పోయిన కెనడా కుర్రాడు 1980లో కృత్రిమ కాలుతో 143 రోజులు దేశానికి అడ్డంగా పరిగెత్తాడు, ఆయన పేరు మీద 1981 నుంచి ఏటా పరుగు జరుగుతోంది. దానికి ఎంట్రీ ఫీజూ లేదు, పోటీ కూడా లేదు, ఇవ్వాలనిపించినంత ఇస్తారు. మనవాళ్ళు ఈ రెంటిలో ఏది పట్టుకున్నా సరే.

డెస్క్ దగ్గర 80జీ రశీదు, అంటే విరాళానికి ఆదాయపు పన్నులో తగ్గింపు కోసం చూపించే కాగితం, ఇస్తారా అని అడిగితే ఇస్తామన్నారు, దేనికి అంటే ఫీజుకే అన్నారు. అది కుదరదండీ. జీఎస్టీ వేసి టీషర్టు చేతికిచ్చాక అది కొన్న సేవ. విడిగా ఇచ్చిన విరాళానికే 80జీ వర్తిస్తుంది, అదీ పన్ను పాత విధానంలో కట్టేవాళ్ళకే, నగదుగా రెండు వేలు దాటి ఇస్తే అదీ చెల్లదు. కాబట్టి నా సలహా, పరుగు నచ్చితే పరుగు కోసమే ఫీజు కట్టండి, బీచ్ రోడ్డు బండ్లు లేకుండా దొరకడానికి ఆ ధర ఎక్కువేం కాదు. పిల్లల ఆపరేషన్లకి ఇవ్వాలనుకుంటే ఆసుపత్రి ట్రస్టుకి నేరుగా బ్యాంకులో వేసి రశీదు తీసుకోండి.

ఎంత పోగైంది, ఖర్చెంత, ఎంతమంది పిల్లలకి ఇచ్చారు అని నిర్వాహకులకి మెయిల్ పెట్టాను. "మీ ఫీడ్‌బ్యాక్ మాకు అమూల్యం" అని ఆటోమేటిక్ జవాబు వచ్చింది, దాంతోపాటు వచ్చే ఏడాది రన్‌కి ఎర్లీ బర్డ్ డిస్కౌంట్ లింకు కూడా. అసలు జవాబు వస్తే ఈ రివ్యూ కిందే అంకెతో సహా పెడతాను, అప్పుడు రెండో మూడో స్టార్లు పెంచడానికి నాకేం అభ్యంతరం లేదు.