50 బార్ల మాట: మూడు బసలు, మూడు పద్ధతులు

నేనూ మా తమ్ముడూ పది రోజుల డైవింగ్ యాత్రలో మూడు చోట్ల బస చేశాము. మొదట ఒక పెద్ద రిసార్టులో, తరువాత ఒడ్డున ఉన్న ఒక చిన్న డైవింగ్ కేంద్రంలో, చివరి మూడు రాత్రులు సముద్రం మీదే ఉండే పడవలో. గదుల శుభ్రతలోనూ మర్యాదలోనూ మూడింటికీ చెప్పుకోదగిన తేడా లేదు. పరుపుల మెత్తదనాన్ని బట్టి మార్కులు వేస్తే రిసార్టే ముందుంటుంది. అయితే నీటి అడుగున ఒకరి సిలిండర్‌లో గాలి అనుకోకుండా అయిపోతే ఇద్దరూ పైకి ఎలా చేరాలో ముందే లెక్కకట్టి చెప్పడంలో మాత్రం మూడింటికీ హస్తిమశకాంతరం ఉంది.

రిసార్టు గైడ్ చెప్పింది ఒక్కటే వాక్యం: “గేజ్ ముల్లు 50 బార్లకు రాగానే నాకు చూపించండి, పైకి వెళ్దాము.” గేజ్ సిలిండర్‌లో మిగిలిన గాలి ఒత్తిడిని బార్లలో చూపుతుంది, నిండు సిలిండర్ అంటే మాకు 200 బార్లు. తొలి రెండు రోజులూ 18 మీటర్లకు మించి దిగలేదు కనుక ఆ మాట సరిపోయింది. మూడో రోజు 30 మీటర్ల లోతున ఉన్న నిట్టనిలువు పగడపు గోడ దగ్గరకు తీసుకువెళ్తూ కూడా అదే వాక్యం చెప్పారు. లోతు మారింది కదా, లెక్క మారదా అని అడిగితే, అందరికీ ఇదే చెబుతామండీ అని నవ్వి ఊరుకున్నారు. ఆ రోజు ఏమీ జరగలేదు. జరగకపోవడం వల్ల ఆ వాక్యం సరైనదైపోదని రెండో చోట బల్ల మీద పలక పెట్టుకుని కూర్చున్నాక తెలిసింది.

చిన్న కేంద్రంలో శిక్షకురాలు మమ్మల్ని పడవ ఎక్కించే ముందు మా చేతనే లెక్క చేయించారు. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ సుమారు ఒక బార్ ఒత్తిడి పెరుగుతుంది కనుక, నీటిపైన ఉండే ఒక బార్‌తో కలిపి 30 మీటర్ల దగ్గర మొత్తం 4 బార్లు. అంటే పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అక్కడ 80 లీటర్లు ఖర్చు. కంగారులో ఉన్న ఇద్దరు ఒకే సిలిండర్ మీద ఆధారపడితే, తేరుకోవడానికి ఒక నిమిషం అక్కడే గడిస్తే 160 లీటర్లు, నిమిషానికి 9 మీటర్ల వేగంతో 5 మీటర్ల దాకా రావడానికి మూడు నిమిషాలకు 330, అక్కడ మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్‌కు, అంటే ఒంట్లో చేరిన నైట్రోజన్ కొంత బయటికి పోయేలా ఆగడానికి, 180, ఆఖరి నిమిషానికి 50, వెరసి 720 లీటర్లు. మాకిచ్చినవి 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండర్లు కనుక, 720ని 11.1తో భాగిస్తే అది 65 బార్లకు సమానం. గేజ్ తప్పు చూపే అవకాశాన్నీ కలుపుకుని ఆమె 80 అని రాశారు. ఇదే లెక్క 18 మీటర్లకు వేస్తే 46 బార్లు వచ్చింది. 30 మీటర్ల దగ్గర 50 బార్లంటే సేఫ్టీ స్టాప్ వదిలేసుకుంటే తప్ప ఇద్దరికీ చాలదు. అదే 720 లీటర్లు 15 లీటర్ల సిలిండర్‌లో 48 బార్లే కనుక, లోతూ సిలిండర్ పరిమాణమూ చెప్పకుండా బార్ల అంకె ఒక్కటే చెప్పడంలో అర్థం లేదు.

ఆ 80 తీసేస్తే 200లో వాడుకోవడానికి మిగిలేది 120. లంగరు తాడు దగ్గరకే తిరిగి రావలసిన డైవ్ కనుక అందులో సగం ఖర్చయ్యాక, అంటే 140 బార్ల దగ్గర, వెనుదిరగాలని నిర్ణయించారు. ఇంత తొందరగానా అని మా తమ్ముడు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. నాకూ లోపల అలాగే అనిపించింది.

ఆ కేంద్రంలో నచ్చిన మరో పని, దూకే ముందు గేజ్ చూస్తూ నాలుగుసార్లు బలంగా ఊపిరి పీల్చమనడం. నేను పీల్చిన ప్రతిసారీ ముల్లు 200 నుంచి కిందికి జారి మళ్లీ పైకి లేచింది. ఆమె నా వెనక చేయి పెట్టి చూస్తే సిలిండర్ వాల్వ్ పావు వంతు మాత్రమే తెరిచి ఉంది. సామాను సర్దిన కుర్రవాడు అటూ ఇటూ తిప్పడంలో పొరబడ్డాడు. నీటిపైన అలాంటి వాల్వ్ బాగానే గాలి ఇస్తుంది, లోతుకు వెళ్లాకే ఊపిరికి గాలి చాలదు. రిసార్టులో మా వాల్వులు సహాయకులే తిప్పేవారు, మేము ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ డైవ్‌లోనే, వెనుదిరిగి కొంత దూరం వచ్చాక, 27 మీటర్ల దగ్గర మా తమ్ముడి రెగ్యులేటర్, అంటే సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం, ఆగకుండా గాలి చిమ్మసాగింది. బుడగల తెర వెనక అతని ముఖమే కనిపించలేదు. ఇలాంటప్పటి కోసమే ఉండే నా రెండో నోటి గొట్టం, పసుపుపచ్చ ఆక్టోపస్, అందించాను, అతను నా భుజం పట్టీ పట్టుకున్నాడు. అప్పుడు నా గేజ్ 120. తాడు పట్టుకుని ఎక్కి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి, పైకి తేలేసరికి 55. పడవలో అతని మొదటి మాట, “అన్నయ్యా, నీ దగ్గర 50 ఉన్నప్పుడు ఇది జరిగుంటే?”

ఇక పడవ బసలో ఏర్పాట్లు ఘనంగా ఉన్నాయి. 5 మీటర్ల లోతున రెండు రెగ్యులేటర్లతో ఒక సిలిండర్ వేలాడదీస్తారు, ఆక్సిజన్ పెట్టె ఎప్పుడూ మెట్ల పక్కనే ఉంటుంది, అద్దెకు పోనీ బాటిళ్లూ, అంటే అసలు సిలిండర్‌కు తోడుగా తీసుకెళ్లే చిన్న విడి సిలిండర్లూ, ఉన్నాయి. వేలాడే సిలిండర్ మంచిదే కానీ, దాని దాకా చేరగలిగినప్పుడే అది మనది. కొందరు సహయాత్రికులు దాన్ని కూడా తమ లెక్కలో కలుపుకోవడం నాకు నచ్చలేదు. పోనీ బాటిళ్లలో 3 లీటర్లది 200 బార్లతో 600 లీటర్లిస్తుంది. 30 మీటర్ల నుంచి ఒంటరిగా పైకి రావడానికి కావలసిన 360 కంటే అది చాలా ఎక్కువ. అర లీటరుది చూడముచ్చటగా ఉంటుంది, అందులో ఉండేది 100 లీటర్లే, ఆ లోతులో నిమిషం పావు. మేము పెద్దదే తీసుకున్నాము.

గాలిచ్చేవారెవరూ దగ్గర లేకపోతే ఈదుకుంటూ పైకి రావడాన్ని మాత్రం పడవ శిక్షకుడు బాగా అభ్యాసం చేయించారు. రెగ్యులేటర్ నోట్లోంచి తీయకుండా, ‘ఆ’ అంటూ గాలి వదులుతూనే ఎక్కాలి. 10 మీటర్ల దగ్గర ఊపిరితిత్తుల్లో ఉన్న గాలి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది, బిగబడితే ఊపిరితిత్తులు చిట్లవచ్చు. ఒత్తిడి తగ్గే కొద్దీ సిలిండర్ మరో ఊపిరి ఇవ్వవచ్చు కూడా. ఇది తక్కువ లోతుల ఉపాయం. నడుముకున్న బరువులు వదిలేసి తేలడం అన్నిటికంటే చివరిది, ఎందుకంటే ఆ తరువాత వేగం మన చేతిలో ఉండదు.

ఏర్పాట్ల మాటకొస్తే పడవకే ఓటు వేస్తాను. మళ్లీ వెళ్తే మాత్రం ముందు చిన్న కేంద్రంలో రెండు రోజులుండి, ఆ పలక మీద మా ఇద్దరి ఊపిరి లెక్కలు కొత్తగా రాసుకుని, ఆ తరువాతే పడవ ఎక్కుతాము. మా తమ్ముడు ఆ పలకకు ఫోటో తీసుకున్నాడు, అందులో 80 చుట్టూ ఆమె గీసిన సున్నా ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది.