మెరుపు పిచరా, ఏళ్లపాటు నిలిచే సగటు పిచరా: ఏది మేలు?

2008 ఫిబ్రవరి మొదట్లో అమెరికా బేస్‌బాల్‌లో మినసోటా ట్విన్స్ జట్టు తన దగ్గరున్న అత్యుత్తమ పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) యోహాన్ సాంటానాను న్యూయార్క్ మెట్స్‌కు ఇచ్చేసింది. బదులుగా నలుగురు కుర్రాళ్లను తీసుకుంది. మెట్స్ అతనితో ఆరేళ్లకు 13.75 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. అప్పటిదాకా ఏ పిచర్‌కూ అంత సొమ్ము దక్కలేదు. అదే నెలలో ట్విన్స్ తన ఖాళీని పూడ్చుకోవడానికి లివాన్ హెర్నాండెజ్ అనే క్యూబా పిచర్‌ను ఒక్క ఏడాదికి, 50 లక్షల డాలర్లకు తెచ్చుకుంది. సీజన్ తొలి మ్యాచ్‌లో బంతి అతని చేతికే ఇచ్చింది. లివాన్ ఆ మ్యాచ్ గెలిపించాడు కూడా.

మెరుపు పిచర్ ఖాళీ చేసిన చోటికి సగటు పిచర్ వచ్చాడు. ఎవరి విలువ ఎంత అని తూచడానికి ఇంతకన్నా మంచి జత నాకు తెలియదు.

ఆట తెలియనివారికి రెండు మాటలు. ఒక జట్టు సీజన్‌కు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. మ్యాచ్‌కు మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కోదాంట్లో ముగ్గురు బ్యాటర్లు ఔటయ్యేదాకా బంతులు వేయాలి. వాటిని మొదలుపెట్టే పిచర్లు ఐదుగురు, వంతులవారీగా వస్తారు. ఒక్కొక్కరికి 32 మ్యాచ్‌ల దాకా పడతాయి. తొమ్మిది ఇన్నింగ్స్‌కు తన బాధ్యతగా సగటున ఎన్ని పరుగులిచ్చాడో చెప్పే అంకె ఈఆర్ఏ. అది ఎంత తక్కువైతే అంత మేలు. సాంటానాది కెరీర్ మొత్తంలో 3.20, లివాన్‌ది 4.44. ఈ రెండు అంకెలు పక్కపక్కన చూసినవారు ఇక తూచడానికేముంది అంటారు. మరో రెండు అంకెలు కూడా చూడాలి. సాంటానా మొదలుపెట్టిన మ్యాచ్‌లు 284, లివాన్ మొదలుపెట్టినవి 474. సాంటానా వేసింది 2,025 ఇన్నింగ్స్ అయితే లివాన్ వేసింది 3,189.

సాంటానా ఎలాంటివాడో తెలియాలంటే 2008 సెప్టెంబరు 27 చాలు. సీజన్ ముగియడానికి ఒక్క రోజు ముందు, మామూలుగా ఉండే నాలుగు రోజుల విశ్రాంతికి బదులు మూడు రోజులకే బంతి అందుకుని ఫ్లోరిడా మార్లిన్స్‌పై తొమ్మిది ఇన్నింగ్స్ తానే వేశాడు. మూడే హిట్లు (బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరడం), సున్నా పరుగులు. అతని మోకాలిలో చిరుగు ఉందనీ, శస్త్రచికిత్స తప్పదనీ తర్వాత బయటపడింది. అంతకుముందు మినసోటాలో 2004, 2006లలో లీగ్‌లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు, రెండుసార్లూ ఏకగ్రీవంగా. ఫాస్ట్‌బాల్ వేసే చేతి ఊపుతోనే అతను ఛేంజప్ అనే నెమ్మది బంతి వేసేవాడు. బ్యాటర్ బ్యాట్ తిప్పేశాక గానీ ఆ బంతి ప్లేట్ దగ్గరకు వచ్చేది కాదు.

లివాన్‌లో అలాంటి మెరుపేమీ లేదు. భారీ శరీరం, తీరిగ్గా వేసే బంతి, మరీ నెమ్మదిగా వంపు తిరిగే కర్వ్‌బాల్. హిట్లు ధారాళంగా ఇస్తాడు. అయినా 2000 నుంచి 2007 వరకు ఎనిమిదేళ్లు వరసగా, ఏటా 200 ఇన్నింగ్స్‌కు తగ్గకుండా వేశాడు. 2005 ఏప్రిల్ 14న అతని విలువ వాషింగ్టన్ కళ్లారా చూసింది. 1971 తర్వాత ఆ నగరంలో అత్యున్నత స్థాయి బేస్‌బాల్ అయిన మేజర్ లీగ్ లేదు. 34 ఏళ్లకు, వేరే ఊరి నుంచి తరలివచ్చిన జట్టు నేషనల్స్ అక్కడ తన తొలి సొంతగడ్డ మ్యాచ్ ఆడుతోంది. ఎనిమిది ఇన్నింగ్స్‌లో లివాన్ ఇచ్చింది ఒకే ఒక్క హిట్, పరుగులు లేవు. తొమ్మిదిలో అలసి, బంతి మైదానం దాటిపోయే హోమ్ రన్‌తో మూడు పరుగులిచ్చాడు, మిగిలినది మరో పిచర్ ముగించాడు, జట్టు 5-3తో గెలిచింది. ఆ ఏడాది మోకాలి నొప్పితోనే 246 ఇన్నింగ్స్ వేశాడు. కొత్తగా ఊరు మారిన జట్టు 81 గెలిచి 81 ఓడింది. అతను లేకపోతే ఆ 246 ఇన్నింగ్స్ ఎవరు వేసేవారు?

తూకానికి అసలు రాయి ఈ ప్రశ్నే. మనం సగటు పిచర్‌ను ఎప్పుడూ మహా పిచర్ పక్కన నిలబెట్టి చిన్నబుచ్చుతాం. తెలుగులో సగటు అనే మాటకే కాస్త నీరసం అంటుకుంది. సగటు విద్యార్థి అంటే ఏదో నెట్టుకొస్తున్నవాడనే అర్థం చేసుకుంటాం. మేజర్ లీగ్‌లో సగటు అంటే అది కాదు. 30 జట్లకు ఐదుగురేసి చొప్పున నూట యాభై చోట్లు. ప్రపంచంలో ఈ పని చేయగలిగినవారిలో ఆ నూట యాభై మంది నడుమ నిలిచినవాడు సగటు పిచర్. అతను ఒకరోజు బంతి అందుకోలేకపోతే సాంటానా లాంటివాడు వచ్చి నిలబడడు. కింది లీగ్ నుంచి హడావుడిగా పిలిపించినవాడు వస్తాడు.

ఆ వచ్చేవాడు ఉజ్జాయింపుగా తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఒక పరుగు ఎక్కువ ఇస్తాడనుకోండి. సగటు పిచర్ ఏడాదికి 180 ఇన్నింగ్స్ వేస్తే జట్టుకు 20 పరుగులు మిగిలినట్టు. బేస్‌బాల్ లెక్కల్లో పది పరుగులు దాదాపు ఒక గెలుపుకు సమానం. అంటే ఏడాదికి రెండు గెలుపులు, పదేళ్లు నిలిస్తే ఇరవై. ఈ లెక్కకు అందని మేలు ఇంకొకటుంది. పిలిపించినవాడు మూడో ఇన్నింగ్స్‌కే చేతులెత్తేస్తే మిగిలిన ఆరూ బుల్‌పెన్ పిచర్లు, అంటే మధ్యలో వచ్చేవాళ్లు, వేయాలి. వాళ్ల చేతులు మర్నాటికి పనికిరావు. లివాన్ ఐదు పరుగులిచ్చి ఏడు ఇన్నింగ్స్ వేసిన రోజున కూడా రేపటి మ్యాచ్‌కు మేలు చేసి వెళ్తాడు. గణాంకాల పట్టికలో మాత్రం అతని పేరు పక్కన ఆ ఐదు పరుగులే మిగులుతాయి. నాకు బాధ కలిగించేది ఇదే.

అలాగని సాంటానాను తక్కువ చేయలేను. ఇదే కొలతతో 2004 నుంచి 2006 వరకు అతను ఏటా ఏడు గెలుపులకు పైనే విలువ చేశాడు. మూడేళ్లలోనే మన సగటు పిచర్ పదేళ్ల మొత్తాన్ని దాటేశాడు. కెరీర్ మొత్తం కూడినా లివాన్ అతని దరిదాపుల్లోకి రాడు. చేయి బాగున్నంత కాలం మెరుపుదే పైచేయి. చిక్కంతా ఆ చేయి ఎన్నాళ్లు బాగుంటుందన్నదే. సాంటానాకు 2010లో భుజానికి శస్త్రచికిత్స జరిగి, 2011 అంతా పోయింది. తిరిగి వచ్చి 2012 జూన్ 1న సెయింట్ లూయిస్ కార్డినల్స్‌పై 134 బంతులు వేసి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. 1962లో పుట్టిన మెట్స్ చరిత్రలో అదే తొలి నో-హిట్టర్. ఆ తర్వాత అతను మేజర్ లీగ్‌లో వేసింది పదే మ్యాచ్‌లు. 2013లో భుజం మళ్లీ చిరిగింది.

మళ్లీ 2008కి వద్దాం. నా వాదానికి ఎదురుతిరిగే సాక్ష్యం అక్కడుంది, దాన్ని దాచను. మినసోటాలో లివాన్ 23 మ్యాచ్‌లు మొదలుపెట్టి పది గెలిచాడు, ఎనిమిది ఓడాడు. ఈఆర్ఏ మాత్రం 5.48కి చేరింది. అదే సమయంలో కింది లీగ్‌లో ఫ్రాన్సిస్కో లిరియానో అనే కుర్రాడు వరసగా మ్యాచ్‌లు గెలుస్తూ పిలుపు కోసం ఎదురుచూస్తున్నాడు. ఆగస్టు 1న ట్విన్స్ లివాన్‌ను తప్పించి అతన్ని తెచ్చింది. సీజన్ ముగిసేసరికి ట్విన్స్, షికాగో వైట్ సాక్స్ తమ విభాగంలో పైన సమానంగా నిలిచాయి. తేల్చడానికి పెట్టిన అదనపు మ్యాచ్‌లో ట్విన్స్ 1-0తో ఓడింది. లిరియానోను రెండు వారాలు ముందు పిలిచి ఉంటే ఆ మ్యాచ్ అవసరమే ఉండేది కాదని నేను నమ్ముతాను. సగటు పిచర్ విలువ వెనక ఎవరున్నారన్న దాన్నిబట్టి పెరుగుతుంది, తరుగుతుంది. వాషింగ్టన్‌లో వెనక ఎవరూ లేరు. మినసోటాలో ఉన్నారు.

సాంటానాను కొనుక్కున్న మెట్స్ సంగతీ అంతే. అంత గొప్పగా వేసిన మర్నాడు జట్టు ఓడి, ఒక్క గెలుపు తేడాతో తర్వాతి దశకు చేరలేక ఇంటిముఖం పట్టింది. రెండు జట్లు రెండు దారులు పట్టాయి, రెండూ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాయి.

నా మాట నేను చెప్పేస్తాను. జట్టు కప్పుకు చేరువలో ఉంటే మెరుపు పిచర్ కోసం ఖజానా తెరవవచ్చు. 2019లో వాషింగ్టన్‌కు స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ అనే మెరుపు పిచర్, అక్టోబరులో జరిగే తుది పోరు వరల్డ్ సిరీస్‌లో రెండు మ్యాచ్‌లు గెలిపించి కప్పు తెచ్చాడు. అలాంటి అక్టోబరును సగటు పిచర్ నుంచి ఆశించడం కష్టం. కానీ ఆ వెంటనే అతనికి ఏడేళ్లకు 24.5 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఆ ఒప్పందంలో అతను వేయగలిగింది ఎనిమిది మ్యాచ్‌లు. వంతులో మూడు, నాలుగు, ఐదో చోట్లకు మాత్రం సగటు పిచరే మేలు, ఏడాదికో రెండేళ్లకో కుదుర్చుకుంటేనే. నాలుగేళ్లకు రాసిస్తే ఏమవుతుందో మిల్వాకీ బ్రూవర్స్‌కు తెలుసు. 4.2 కోట్ల డాలర్లకు తెచ్చుకున్న సగటు పిచర్ జెఫ్ సుప్పాన్‌ను నాలుగో ఏడు సగంలోనే వదులుకోవలసి వచ్చింది.

పిచర్ కోణంలో చూస్తే నిలవడమే సర్వస్వం. ఆరేళ్ల సర్వీసు నిండితే గానీ తనకు నచ్చిన జట్టుతో బేరమాడుకునే స్వేచ్ఛ రాదు. పదేళ్లు నిండితే పూర్తి పింఛను. ఇప్పుడు నిలవడమే అరుదైంది: 2014లో 34 మంది పిచర్లు 200 ఇన్నింగ్స్ వేస్తే, 2024లో నలుగురే వేశారు. లివాన్ లాంటివాడు ఈ రోజు దొరికితే జట్లు వరస కడతాయి.

2010లో అలాంటి వరసేమీ లేదు. 35 ఏళ్ల లివాన్ కింది లీగ్ ఒప్పందం మీద వాషింగ్టన్‌కు తిరిగి వచ్చాడు. పెద్ద జట్టులో చోటు దక్కితే 9 లక్షల డాలర్లు. ఆ జూన్ 8న స్ట్రాస్‌బర్గ్ తొలి మ్యాచ్‌లోనే 14 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతిని ఆటలోకి కొట్టనివ్వకుండానే ఔట్ చేశాడు; దేశమంతా అతని వైపే చూసింది. ఆగస్టులో అతని మోచేతి లిగమెంటు చిరిగింది. ఆ ఏడాది అతనివి 12 మ్యాచ్‌లు, 68 ఇన్నింగ్స్. లివాన్‌వి 33 మ్యాచ్‌లు, 211 ఇన్నింగ్స్, ఈఆర్ఏ 3.66. మరుసటి ఏడాది తొలి మ్యాచ్‌కు వాషింగ్టన్ బంతి లివాన్ చేతికే ఇచ్చింది. అట్లాంటా బ్రేవ్స్‌కు అతను ఇచ్చింది రెండే పరుగులు. నేషనల్స్ బ్యాటర్లు ఒక్కటీ చేయలేకపోయారు. మ్యాచ్ 2-0తో పోయింది, ఆ ఓటమి అతని పేరు మీదే పడింది.