గోడకి తగిలించే ఫ్లానెల్ డిజైన్ వాల్: సగంలో ఆగిన క్విల్ట్‌లు ఉన్నవాళ్ళకి

ముందే చెప్పేస్తున్నా, కొత్త క్విల్ట్ (గుడ్డ ముక్కలు అతికి కుట్టే బొంత) ప్లాన్ చేసుకోడానికైతే ఇది కొనక్కర్లేదు, దానికి డిజైన్ సాఫ్ట్‌వేరే మేలు. బీరువా అడుగున కవర్లలో కుట్టి వదిలేసిన బ్లాకులు, అంటే క్విల్ట్‌లో ఒక్కో చదరపు భాగం, మూలుగుతున్నవాళ్ళు మాత్రం చదవండి.

వస్తువు చాలా సింపుల్, బ్లాకుల్ని కలిపి కుట్టే ముందు గోడ మీద పేర్చి చూసుకోడానికి. ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఫ్లానెల్ షీటు, పై అంచున రింగులు, గోడకి రెండు హుక్కులు కొట్టి తగిలించడమే. ఫ్లానెల్‌కి నూగు ఉంటుంది కాబట్టి కాటన్ ముక్క పెట్టి అరచేత్తో ఒకసారి రాస్తే అతుక్కుని ఉండిపోతుంది, గుండుసూదులు అక్కర్లేదు. సిల్కు, పాలిస్టర్ అయితే జారిపోతాయి. అతుకులెక్కువై బరువెక్కిన పెద్ద బ్లాకులు కూడా ఫ్యాన్ గాలికి రాలిపడతాయి, వాటికి పైన ఒక పిన్ను తప్పదు.

నేను దీన్ని తెప్పించింది ముఖ్యంగా లాగ్ క్యాబిన్ బ్లాకుల (మధ్య చదరం చుట్టూ పట్టీలు కుట్టుకుంటూ పోయేవి) కోసం. అవి ఎందుకు ఆగిపోయాయంటే ఎలా పేర్చాలో తేలక. ఈ బ్లాకు ఐమూలగా సగం లేత రంగు సగం ముదురు ఉంటుంది కదా, అవే బ్లాకుల్ని ఒకలా తిప్పితే మధ్యలోంచి వజ్రాల్లా పరుచుకుంటాయి, దాన్ని బార్న్ రైజింగ్ అంటారు, ఇంకోలా తిప్పితే ఏటవాలు చారలొస్తాయి, అది స్ట్రెయిట్ ఫర్రో. నేల మీద పేరిస్తే మనం సరిగ్గా దాని మీదే నిలబడి చూస్తాం, పైగా ఇంట్లో ఎవరో ఒకరు తొక్కుకుంటూ పోతారు. గోడ మీదైతే గది అవతలికి వెళ్ళి చూడొచ్చు, రాత్రి పెట్టి పొద్దున మళ్ళీ చూడొచ్చు, నచ్చకపోతే నాలుగు తిప్పి పెట్టొచ్చు. ఫోన్‌తో బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీసి చూడండి, మన కంటికి ఎరుపూ ఆకుపచ్చా వేరేగా కనిపించినా రెండూ ఒకే ముదురైతే ఫోటోలో ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి, డిజైన్ ఎక్కడ మాయమవుతోందో అక్కడే దొరికిపోతుంది.

సాఫ్ట్‌వేర్‌ని తక్కువ చేసి మాట్లాడట్లేదు. ఒక బ్లాకు గీస్తే క్విల్ట్ మొత్తం రంగులు మార్చి చూపిస్తుంది, ఎంత గుడ్డ కావాలో లెక్కేస్తుంది, హాఫ్ స్క్వేర్ ట్రయాంగిల్‌కి (రెండు త్రికోణాలు కలిసిన చదరం) కుట్టాక అయ్యే సైజు కన్నా 7/8 అంగుళం ఎక్కువ కొయ్యాలన్న లెక్క మన బుర్రలో పెట్టుకోనక్కర్లేదు. టెంప్లేట్లు (ముక్కలు కోసే కాగితం అచ్చులు) ప్రింట్ తీసుకునేవాళ్ళు స్కేలు 100 శాతం పెట్టారో లేదో మాత్రం చూసుకోండి, పేజీకి సరిపడా అని వదిలేస్తే ప్రింటర్ చిన్నది చేసేస్తుంది. కానీ దాని లెక్క అంతా ఇంకా కొయ్యని గుడ్డతో. 12 అంగుళాల బ్లాకు అంటే కుట్టుకి చుట్టూ పావు అంగుళం కలుపుకుని దానికి 12½, అంతే, ఇంకో మాట లేదు. ఎప్పుడో కుట్టి దాచిన నిజం బ్లాకులు తీసి చూస్తే ఒకటి 12¼, ఇంకోటి 12⅝, ఒకటి అసలు చదరమే కాదు. గోడ మీద పక్కపక్కన పెడితే ఇది వెంటనే బయటపడుతుంది. అన్నీ చిన్నదాని సైజుకి కత్తిరించేద్దాం అనుకుంటారేమో, ఒహాయో స్టార్ లాంటి నక్షత్రం బ్లాకులైతే కుట్టులో మొనలు తెగిపోతాయి. దానికన్నా ప్రతి బ్లాకు చుట్టూ సన్న పట్టీ వేసి, ఆ పట్టీని కత్తిరించి అన్నిటినీ ఒకే సైజుకి తేవడం నయం, ఆ పట్టీ రంగు కూడా గోడ మీదే పెట్టి తేల్చుకోవచ్చు.

ఇక తిట్టాల్సినవి. షీటు మీద గళ్ళు ప్రింట్ చేసిచ్చారు, తగిలించాక ఫ్లానెల్ సాగింది, గళ్ళూ సాగాయి, వాటిని నమ్మి కొలిచారంటే పని అయినట్టే. మంచం క్విల్ట్‌కి ఆరడుగులు చాలదు, సగం సగం పెట్టి చూసుకోవాలి. దారప్పోగులన్నీ దీనికే అంటుకుంటాయి, దులిపినా పోవు, టేపు తిరగేసి అద్దాలి. రంగు కూడా తెలుపు వద్దు, లేత గుడ్డలు అందులో కలిసిపోతాయి, బూడిద రంగు తీసుకోండి.

ఖాళీ గోడ లేనివాళ్ళు కంగారు పడకండి, నాకూ ఎప్పుడూ ఉండదు. బ్లాకులు పెట్టినవి పెట్టినట్టే ఉంచి, పైన పల్చటి దుప్పటి కప్పి, అట్ట గొట్టానికి చుట్టేసి మూలన నిలబెట్టొచ్చు. మళ్ళీ తీసినప్పుడు పేర్చిన వరస అలాగే ఉంటుంది, ఎక్కడ ఆపామో వెతుక్కునే పని లేదు, నాకైతే డబ్బు ఇచ్చింది దీనికోసమే అనిపిస్తుంది.

5కి 4 ఇస్తున్నా, పోయిన ఆ ఒకటీ గళ్ళ వల్లే. గళ్ళు లేని ప్లెయిన్ రకం దొరికితే అదే తీసుకోండి, లేదంటే మామూలు ఫ్లానెల్ కొని రెండు పన్నాలు కలిపి కుట్టి చెక్క కడ్డీకి బిగించుకున్నా ఇదే పని చేస్తుంది.