ఫ్రెంచ్ క్రియల ఉచ్చారణకు ఫ్రెంచ్ విక్షనరీ: చాలాకాలం వాడాక

కెనడా కోసం టీసీఎఫ్ అనే ఫ్రెంచ్ పరీక్ష రాసే మనవాళ్లకు గట్టిగా చెప్తున్నాను, క్రియల పట్టికలు బట్టీ కొట్టే ముందు ఫ్రెంచ్ విక్షనరీ అనే ఆన్‌లైన్ నిఘంటువులో ఆ క్రియ రూపాల పేజీ తెరవండి. పైసా కట్టక్కర్లేదు. పుస్తకాల్లో చాలావరకు స్పెల్లింగే ఉంటుంది, ఇక్కడ రూపం పక్కనే ఐపీఏలో (ధ్వనులను రాసే అంతర్జాతీయ గుర్తుల లిపి) ఉచ్చారణ, అందులో సిలబుల్, అంటే ఒక్క ఊపులో పలికే ముక్క, ఎక్కడ విరుగుతుందో చూపే చుక్క కూడా ఉంటాయి.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఆ చుక్కే. 'మాట్లాడు' అనే క్రియ చూడండి: నేను, నువ్వు, అతను, వాళ్లు, ఈ నలుగురికీ కలిపి మూడు స్పెల్లింగులు, పలికేది మాత్రం ఒకటే, 'పార్ల్', మధ్యలో చుక్క లేదు, అంటే ఒకటే సిలబుల్. 'వాళ్లు' రూపం చివర రాసే ఈ-ఎన్-టీ నోట రాదు. అవే అక్షరాలు అధ్యక్షుడు అనే నామవాచకంలో ఉంటే 'ప్రెజిదాం' అంటాం, అదే స్పెల్లింగ్ 'వాళ్లు అధ్యక్షత వహిస్తారు' అనే క్రియ అయితే 'ప్రెజీద్' దగ్గరే ఆగాలి. మన నోరు మాట చివర అచ్చు కోరుకుంటుంది కదా, 'పార్లు' అని లాగామంటే ఒక సిలబుల్ కాస్తా రెండవుతుంది.

'ముగించు' క్రియలో ఇంకా జాగ్రత్త కావాలి. అతను అయితే 'ఇల్ ఫిని', వాళ్లయితే 'ఇల్ ఫినిస్'. సర్వనామం రెండుచోట్లా ఒకేలా వినిపిస్తుంది కాబట్టి ఆ చివరి 'స్' ఒక్కటే బహువచనాన్ని చెప్తుంది, అది మింగేస్తే అర్థమే మారిపోతుంది.

ఒకేలా ముగిసే స్పెల్లింగులు వేరుగా విరగడం కూడా ఇక్కడే పట్టుకున్నాను. 'చదువు' క్రియ ఎ-త్యు-ద్యే, 'అరుచు' క్రియ క్రి-యే. ముందు హల్లు, దాని వెంట ర్ గానీ ల్ గానీ ఉంటే ఆ 'ఇ' విడి సిలబుల్‌గా నిలబడుతుంది, లేకపోతే 'య' లా కలిసిపోతుంది.

పట్టిక ఒక్కటే చాలదు. మాటల్లో సిలబుల్ పదాల హద్దు దాటుతుంది: 'అతను ప్రేమిస్తాడు' ఇ-లెమ్, 'వాళ్లు ప్రేమిస్తారు' ఇల్-జెమ్. ఇవి వాక్యాల్లో వింటేనే నోటికి ఎక్కుతాయి. పైగా దక్షిణ ఫ్రాన్స్‌లో తూలూజ్, మార్సేయ్ వైపు చాలామంది మాట చివర రాసే 'e' ని కొద్దిగా పలుకుతారు, పట్టికలో మీరు చూసేది ప్రామాణిక ఉచ్చారణ. ఐపీఏ రాకపోతే ఇదేమీ ఉపయోగపడదు, ముందు అది నేర్చుకోండి, ఫ్రెంచ్‌కి కావలసిన గుర్తులు నలభై లోపే.