హెక్సోకైనేజ్-2 గ్రీన్ యాంటీబాడీ: హీలా కణాల్లో సూపర్, లివర్ స్లైడ్ మీద మాత్రం జాగ్రత్త

హెక్సోకైనేజ్-2 (కణం గ్లూకోజ్‌ని వాడుకోవడంలో మొదటి మెట్టు ఎంజైమ్, చాలా ట్యూమర్లలో ఎక్కువగా ఉంటుంది) మీద పని చేసేవాళ్ళు ఇది చదివాకే ఆర్డర్ పెట్టండి. మేం కొన్నది ఆ ఎంజైమ్‌ని పట్టుకునే కుందేలు మోనోక్లోనల్ (ఒకే క్లోన్ నుంచి వచ్చే) యాంటీబాడీ, అలెక్సా ఫ్లోర్ 488 అనే ఆకుపచ్చగా మెరిసే రంగు ముందే తగిలించి వస్తుంది, 100 మైక్రోలీటర్ల ట్యూబు, జీఎస్టీతో కలిపి 45 వేలు. కంపెనీ పేరు రాయడం లేదు, మా మేడమ్ వాళ్ళతో ఇంకా మాట్లాడుతున్నారు కాబట్టి మధ్యలో నేను దూరితే బాగోదు.

ముందు డెలివరీ గొడవ చెప్పేస్తా. హైదరాబాద్, మే నెల, శనివారం సాయంత్రం. ఐదు వారాలు ఎదురుచూసిన పార్సిల్‌ని కొరియర్ అబ్బాయి సెక్యూరిటీ గేటు దగ్గర పడేసి పోయాడు, ఎవరికీ ఒక్క ఫోన్ కూడా లేదు. సోమవారం పొద్దున థర్మాకోల్ డబ్బా తెరిస్తే జెల్ ప్యాకులు పూర్తిగా కరిగిపోయి పాల ప్యాకెట్లలా మెత్తగా ఉన్నాయి, వాటి మధ్య గోరువెచ్చగా మా 45 వేలు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "ఏం కాదు మేడమ్, వాడి చూడండి, పని చేయకపోతే మార్చిస్తాం" అన్నారు. కోపం వచ్చింది కానీ వాళ్ళు చెప్పింది మరీ అబద్ధం కాదు, యాంటీబాడీలు మనం భయపడేంత సుకుమారం కావు, ఒకటి రెండు రోజుల వేడిని చాలావరకు తట్టుకుంటాయి. గడ్డకట్టించి కరిగించడమే వాటికి ఎక్కువ చేటు. ఆ కంగారులో మా జూనియర్ దాన్ని తీసుకెళ్ళి మైనస్ 20లో పెట్టబోయాడు, పరిగెత్తి ఆపాను! ఇలా రంగు తగిలించిన యాంటీబాడీ మామూలుగా 4 డిగ్రీల్లో, వెలుతురు తగలకుండా ఫాయిల్ చుట్టి ఉండాలి.

ఇక అసలు పని. హీలా కణాలని (లాబ్‌లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో 15 నిమిషాలు ఫిక్స్ చేసి, ట్రైటాన్‌తో కణాల పొరకి రంధ్రాలు చేసి, యాంటీబాడీ అనవసరంగా అంటుకునే చోట్లని బీఎస్‌ఏ ప్రోటీన్‌తో బ్లాక్ చేసి, రాత్రంతా యాంటీబాడీలో ఉంచాను. పొద్దున కడిగి, న్యూక్లియస్‌కి నీలం రంగిచ్చే డాపీ వేసి, నేరుగా కాన్ఫోకల్ మైక్రోస్కోప్ దగ్గరికి. రంగు మోసే రెండో యాంటీబాడీ (సెకండరీ) లేదు, దాని గంట లేదు, దాని తర్వాత మూడు కడుగుళ్ళూ లేవు. స్క్రీన్ మీద చూస్తే న్యూక్లియస్ చుట్టూ సేమియా పోగుల్లా సన్నటి ఆకుపచ్చ దారాలు. ఈ ఎంజైమ్ మైటోకాండ్రియా బయటి పొర మీద వీడాక్ అనే ప్రోటీన్‌ని పట్టుకుని కూర్చుంటుంది కదా, కనిపించాల్సింది అదే. ఫిక్స్ చేయకముందే మైటోకాండ్రియాకి ఎరుపు రంగిచ్చే మైటోట్రాకర్ రెడ్ ఎక్కించిన కణాల్లో రెండు రంగులూ ఒకదాని మీద ఒకటి చక్కగా పడ్డాయి. ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ (ఒక జీన్ పనిని అణిచే చిన్న ఆర్‌ఎన్‌ఏ) ఇచ్చి ఎంజైమ్‌ని తగ్గించిన కణాల్లో ఆకుపచ్చ కూడా తగ్గింది, అప్పుడు గానీ నాకు టెన్షన్ పోలేదు. రంగు లేని ఇదే క్లోన్‌తో వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లని సైజు ప్రకారం విడదీసి చూసే పరీక్ష) చేస్తే ఈ ఎంజైమ్ సైజైన 102 కిలోడాల్టన్ల దగ్గర ఒక్కటే బ్యాండు.

ధర గురించి ఒక చిట్కా. వాళ్ళు చెప్పిన డైల్యూషన్ 50కి 1. కవర్‌స్లిప్‌కి (కణాలు పెంచే పలుచటి గాజు ముక్క) 200 మైక్రోలీటర్లు పోసుకుంటూ పోతే ఒక్కోదానికి 4 మైక్రోలీటర్ల యాంటీబాడీ, అంటే 25 కవర్‌స్లిప్పులకే ట్యూబు ఖాళీ, ఒక్కోటి 1,800 రూపాయలు. పారాఫిల్మ్ (మైనపు పొర) మీద 50 మైక్రోలీటర్ల చుక్క పెట్టి దాని మీద కవర్‌స్లిప్‌ని కణాల వైపు కిందకి వచ్చేలా బోర్లించండి, పక్కన తడి టిష్యూ పెట్టి మూత వేయండి. 450కి దిగుతుంది. సిగ్నల్‌లో నాకైతే తేడా కనపడలేదు.

ఇంతవరకు అంతా బాగుంది. తర్వాత ఎలుక లివర్ స్లైడ్లు చేశాను, మామూలు లివర్ ఒకటి, ట్యూమర్ ఒకటి, పారాఫిన్ సెక్షన్లు (ఫార్మాలిన్‌లో ఉంచి మైనంలో బిగించి కోసిన సన్నటి ముక్కలు). రెండూ ఆకుపచ్చగా వెలిగిపోయాయి. మూడు రోజులు మేం పండగ చేసుకున్నాం, పీపీటీలో కూడా ఎక్కించేశాను. లాబ్ మీటింగ్‌లో మా పోస్ట్‌డాక్ అక్క బొమ్మ చూసి ఒకటే అడిగింది, "మామూలు లివర్‌లో హెక్సోకైనేజ్-2 ఇంత ఎందుకుందే? అక్కడ ఉండేది అదే పని చేసే వేరే ఎంజైమ్ గ్లూకోకైనేజ్ కదా." నా దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే ఏమీ వేయని స్లైడు నేను పెట్టుకోలేదు. ఆ సాయంత్రమే పెట్టి చూశా. యాంటీబాడీ చుక్క తగలని స్లైడు కూడా దాదాపు అంతే పచ్చగా ఉంది, లేజర్, గెయిన్ (డిటెక్టర్ సున్నితత్వం) ఏవీ మార్చకుండానే.

లివర్ కణాల్లో ఫ్లేవిన్లు, లైపోఫుసిన్ అనే సొంతంగా మెరిసే పదార్థాలు దండిగా ఉంటాయి, పైగా ఫార్మాలిన్ వల్ల వచ్చే వెలుగు ఒకటి, ఇవన్నీ 488 లేజర్‌కి సరిగ్గా ఆ గ్రీన్ ఛానల్‌లోనే మెరుస్తాయి. ఆ సొంత వెలుగుని అణిచే సుడాన్ బ్లాక్ రంగు వేసి చూశాను, కొంత తగ్గింది, సరిపోలేదు. ఇందులో కంపెనీ తప్పు ఎంత, నా తప్పు ఎంత అంటే, నాదే ఎక్కువ. కానీ డేటాషీట్‌లో ఇమ్యునోఫ్లోరసెన్స్ (మెరిసే యాంటీబాడీతో చూడడం) అని గొప్పగా టిక్ పెట్టి, కింద సెల్ లైన్ బొమ్మలు మాత్రమే ఇచ్చి, టిష్యూ గురించి ఒక్క ముక్క రాయకపోవడం నాకు నచ్చలేదు. కొనేముందు ఆ బొమ్మలు ఏ కణాలవో చూడండి.

పక్క లాబ్‌లో ఇదే క్లోన్ ముదురు ఎరుపులో వెలిగే 647 రంగుతో ఉందంటే 5 మైక్రోలీటర్లు అడుక్కొచ్చాను. ఆ ఎరుపు చివరలో లివర్ సొంత వెలుగు బాగా తక్కువ. మామూలు లివర్ దాదాపు చీకటిగా ఉంది, ట్యూమర్ వెలిగింది. ఒక్క మాట, 647ని ఐపీస్‌లోంచి చూస్తే కంటికి ఏమీ కనపడదు, కెమెరాలో మాత్రమే దొరుకుతుంది, పాత మెర్క్యూరీ లాంపు మైక్రోస్కోప్ అయితే ఆ రంగుని వెలిగించే బలం కూడా తక్కువే. మీ లాబ్‌లో ఏముందో ముందు కనుక్కోండి.

నా లెక్కలో కణాలకి 5కి నాలుగున్నర, టిష్యూకి ఒకటిన్నర, డెలివరీకి సున్నా. ట్యూబులో మిగిలింది హీలాకే వాడుతున్నా. 647 ట్యూబు ఆర్డర్ పెట్టేశాం. ఈసారి పర్చేజ్ ఆర్డర్ మీదే రాయించాం, గురువారం తర్వాత పార్సిల్ పంపొద్దని.