పొట్ట పైపు చుట్టూ ఒరిసిన చర్మం: ఇరవై రెండు నెలల్లో ఏది అయిపోయింది, ఏది డబ్బాలో మిగిలింది

మా ఇంట్లో బీరువా మీద ఒక పాత బిస్కెట్ డబ్బా ఉంటుంది. అత్తమ్మకి పొట్ట పైపు (మింగలేనివాళ్లకి పొట్టకి రంధ్రం చేసి, తిండిని నేరుగా కడుపులోకి పంపే గొట్టం) వేసిన ఈ ఇరవై రెండు నెలల్లో, పైపు చుట్టూ చర్మానికి పనికొస్తాయని ఎవరెవరో చెప్పినవన్నీ అందులోకే చేరాయి. మొన్న ఆదివారం దాన్ని మంచం మీద బోర్లించాను. గడువు దాటిన క్రీములు మూడు, మూత తీయని పౌడరు డబ్బా ఒకటి, సగం వాడి వదిలేసిన అయొడిన్ సీసా, రెండు టేపు చుట్టలు. వాటి మధ్యలో, తోక నుంచి మెడ దాకా చుట్టచుట్టి ఇక పిండడానికి ఏమీ మిగలని జింక్ ఆక్సైడ్ క్రీము ట్యూబు. ఏది పనికొచ్చిందో ఆ కుప్పే చెబుతోంది.

మేం ఉప్పల్‌లో ఉంటాం. అత్తమ్మకి 68 ఏళ్లు. పక్షవాతం వచ్చి మింగడం పోయింది, మాట కొంత తిరిగొచ్చింది. మొదటి ఆరు వారాలు ముక్కు పైపు, ఆ తర్వాత పొట్ట పైపు. "పొట్టకు బొక్క కొట్టుడేంది వదినా" అని మా ఆడపడుచు ఏడ్చింది. పెద్ద కోత లేకుండా ఎండోస్కోపీతో వేసే ఈ పైపును 1979లో అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో మొదటిసారి వేసింది నెలల పసిబిడ్డకేనని డాక్టరు చెప్పాకే ఒప్పుకుంది. అత్తమ్మ పైపు సైజు 20 ఫ్రెంచ్. మూడు ఫ్రెంచ్‌లు కలిస్తే ఒక మిల్లీమీటరు కాబట్టి ఆరున్నర మిల్లీమీటర్ల పైచిలుకు మందం. దాని చుట్టూ రూపాయి బిళ్లంత చర్మం. మా ఇంటి టెన్షన్ అంతా ఆ రూపాయి బిళ్లంత జాగాలోనే.

మొదటి తప్పు నాదే. డిశ్చార్జి రోజున సిస్టర్ అయొడిన్ మందుతో శుభ్రం చేసి చూపించింది. అది కొత్త గాయం కాబట్టి అలా చేసింది. నేనేమో రోజూ అలాగే చేయాలనుకుని పొద్దున, సాయంత్రం నెలన్నర పాటు రాశాను. చర్మం ఎండిపోయి పొలుసులు లేచింది, గుడ్డ తగిలితే నెత్తురు. రంధ్రం మానాక అలాంటి మందులు రోజూ అక్కర్లేదని, అవే చర్మాన్ని ఎండగొడతాయని చెకప్‌లో డాక్టరు చెప్పేదాకా నాకు తెలియదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగ వస్తుంది, మురికంతా పోతోందని సంబరపడతాం, కానీ అది మానుతున్న కొత్త చర్మాన్నీ వదలదు. ఇప్పుడు మేం వాడేది కాచి చల్లార్చిన నీళ్లు, మెత్తటి గుడ్డ, అవసరమైతే వాసన లేని సబ్బు కొంచెం. పైపు జారకుండా చర్మం మీద ఆనించి ఉండే బయటి బిళ్ల కింద కూడా చుట్టూ తుడిచి, పొడి గుడ్డతో అద్ది, కాసేపు గాలికి ఆరనివ్వాలి. రుద్దకూడదు, అద్దాలి. ఇంట్లో చూసుకోవడానికి ఇప్పటికి నలుగురు మనుషులు మారారు. నలుగురూ మొదటి రోజు గిన్నె తోమినట్టే తోమారు.

అసలు బాధ మూడో నెలలో మొదలైంది. పైపు పక్క నుంచి తడి రావడం. పొద్దున గాజ్ తీస్తే పచ్చటి చెమ్మ, దాని కింద కాలినట్టు ఎర్రటి చర్మం. "మండుతున్నదే బిడ్డా" అనేది అత్తమ్మ. మిగతా మాటలు ముద్దగా వచ్చినా ఈ ఒక్కటి మాత్రం స్పష్టంగా వచ్చేది. నిజంగా కాలడమే అది. కడుపులో ఊరే రసంలో ఆమ్లం ఉంటుంది, పప్పునీ గుడ్డునీ అరిగించే ఎంజైములు ఉంటాయి. కడుపు లోపలి గోడకైతే జిగురు పొర కాపలా ఉంది. బయటి చర్మానికి ఏముంది?

ఆ కాపలా పని చేసింది జింక్ ఆక్సైడ్ క్రీము. చంటిపిల్లలకి డైపర్ కింద ఒరిసినప్పుడు రాసేదే, వీధి చివర మందుల షాపులో దొరికేదే. దీనికి నా మార్కులు పదికి తొమ్మిది. పోయిన ఒక మార్కూ క్రీముది కాదు, నా చేతిది. మొదట్లో దోశ మీద వెన్న పెట్టినట్టు దట్టంగా పెట్టేదాన్ని. బిళ్ల జారేది, టేపు అంటుకునేది కాదు, మళ్లీ అదంతా గీకి తీసేసరికి కొత్త చర్మం కూడా లేచొచ్చేది. పలచగా రాయాలి. తర్వాతిసారి మురికైన పై పొర వరకు తీసి, కింద అంటుకున్న పొర మీదే ఇంకోసారి పలచగా రాస్తే చాలు. ఇది నాలుగైదు రోజుల్లో మంట తగ్గించింది. తడి రావడాన్ని మాత్రం ఆపలేదు, ఆ సంగతి తర్వాత.

దాని తర్వాత చెప్పుకోవాల్సింది బారియర్ ఫిల్మ్. స్ప్రేగానూ, పుల్లకి దూది చుట్టినట్టుగానూ దొరుకుతుంది. రాసిన అర నిమిషంలో ఆరి కంటికి కనపడని పొరలా నిలుస్తుంది. మా వీధి షాపుల్లో లేదు, కోఠీ సర్జికల్ షాపులదాకా వెళ్లాల్సి వచ్చింది. కొనేటప్పుడు స్పిరిట్ లేని రకం అడిగి తీసుకోండి. మొదటిసారి నేను అడగలేదు. ఒరిసిన చర్మానికి అది తగిలాక అత్తమ్మ పెట్టిన కేక విని పక్కింటివాళ్లు తలుపు కొట్టారు. ఇంకో సంగతి, క్రీము మీద ఫిల్మ్ నిలవదు. ఏదో ఒకటే వాడాలి. పైన ఫోమ్ (తడి పీల్చే స్పాంజి లాంటి కట్టు) అంటించే రోజుల్లో నేను ఫిల్మ్ వాడతాను, ఏమీ అంటించని రోజుల్లో క్రీము. ధర చూస్తే మాత్రం గుండె కలుక్కుమంటుంది, అందుకని ఏడు మార్కులు.

గాజ్ గురించి నాకు కోపం ఉంది. తడి ఎక్కువైనకొద్దీ మడతలు ఎక్కువ పెట్టేదాన్ని. గాజ్ తడిని పీల్చుకుంటుంది గానీ దాన్ని చర్మానికి ఆనించే ఉంచుతుంది, చర్మం నాని తెల్లబడుతుంది. పైగా బిళ్ల కింద మందంగా కుక్కితే బిళ్ల పైకి లేస్తుంది, పైపు ఊడకుండా కడుపు లోపల ఉండే అడ్డు కడుపు గోడని గట్టిగా నొక్కుతుంది. అలా రోజుల తరబడి ఉంటే లోపలా పుండు పడుతుంది. ఫోమ్ ముక్క అలా కాదు, తడిని పైకి లాక్కుంటుంది. మధ్యలోకి చీలిక ఇచ్చి పైపు చుట్టూ తొడిగితే సరిపోతుంది. అయితే మన ఎండల్లో మే నెలలో కరెంటు పోయిన రెండు గంటలకే దాని కింద చెమట పడుతుంది. అసలు తడే లేని రోజుల్లో ఏ కట్టూ వేయకుండా వదిలేయొచ్చని తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. బొక్క తెరిచి ఉంచితే ఏమవుతుందోనన్న భయం మనదే, చర్మానికి గాలే ఇష్టం.

ఆ మే నెలలోనే ఇంకో దెబ్బ తిన్నాం. ఎరుపు మళ్లీ కనిపించింది. యాసిడే అనుకుని పది రోజులు జింక్ రాశాను. తగ్గకపోగా పాకింది. జాగ్రత్తగా చూస్తే పెద్ద ఎర్ర మచ్చ అంచుకి అవతల చిన్న చిన్న ఎర్ర చుక్కలు, మంట కన్నా దురద ఎక్కువ. డాక్టరు చూడగానే ఫంగస్ అన్నారు, క్లోట్రిమజోల్ రాశారు. రెండు వారాల్లో పోయింది. జింక్ తప్పేం లేదు, అది పట్టాల్సిన దొంగ వేరు. దురదా చుక్కలూ ఉంటే ఫంగస్ అనుమానించాలి. చీము, చెడు వాసన, గట్టిపడిన వాపు, రోజురోజుకీ వెడల్పయ్యే ఎరుపు, జ్వరం, వీటిలో ఏదున్నా క్రీములతో కాలక్షేపం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఆ మూత తీయని డబ్బా మామూలు టాల్కం పౌడరు. తడితో కలిసి ముద్దకట్టి ఇంకా ఒరుస్తుందని సిస్టర్ చెప్పడంతో అది అలాగే ఉండిపోయింది.

పసుపు సంగతి రాయకపోతే మా చుట్టాలు ఊరుకోరు. బోనాల రోజు ఇంటికొచ్చిన పెద్దావిడ, నేను వంటింట్లో ఉండగా, ప్రేమ కొద్దీ పైపు చుట్టూ పసుపు ముద్ద పెట్టేసింది. ఆవిడ మనసుని ఏమీ అనలేను. కానీ పైపూ, చర్మమూ పచ్చగా మారిపోయాయి, వారం దాకా రంగు వదల్లేదు. కింద ఎరుపు ఉందో లేదో చూద్దామంటే కనపడదు. చూసుకోవడమే సగం పనైన చోట, చూపుని మూసేసే మందు నాకొద్దు.

ఇప్పుడు తడి సంగతి. నిరుడు పైపు మార్చినప్పుడు లోపల నీళ్ల బుడగ ఉండే రకం వేశారు. కొన్ని వారాలకి జాకెట్టు తడిసేంత కారడం మొదలైంది. ఇంకో సైజు పెద్ద పైపు వేయిస్తే బొక్క నిండిపోతుంది కదా అన్నారు మా ఆయన. షాపువాడూ అదే అన్నాడు. డాక్టరు వినగానే వద్దన్నారు. లావు పైపు వేస్తే రంధ్రం ఇంకా సాగుతుంది, తర్వాత అదీ చాలదు. సిరంజి పెట్టి బుడగలో నీళ్లు బయటికి లాగి చూపించారు. మా పైపు మీద 20 ఎంఎల్ అని రాసి ఉంది, వచ్చింది 11. బుడగ చిన్నదైపోయి పైపు లోపల వదులుగా ఆడుతోంది, ఆ సందులోంచి రసం బయటికి వస్తోంది. అలాగే వదిలేసి ఉంటే పైపే జారి వచ్చేసేది. పైపు ఊడితే రంధ్రం కొన్ని గంటల్లోనే మూసుకుపోవడం మొదలవుతుంది, తెల్లారనివ్వకుండా పరుగెత్తాలి.

అప్పటి నుంచి ప్రతి శనివారం నీళ్లు కొలుస్తున్నాను. ఒక చేత్తో పైపు కదలకుండా పట్టుకుని, లాగి, కొలిచి, తగ్గితే నింపుతాను. డిస్టిల్డ్ వాటరే పోస్తాను, సెలైన్ అయితే లోపల ఉప్పు పలుకులు కడుతుంది. చర్మం మీద అద్దే క్రీములన్నీ కలిపి చేయలేని పని ఈ ఒక్క సిరంజి చేసింది. పదికి పది.

అయినా అప్పుడప్పుడూ కారేది. ఒక మధ్యాహ్నం ఆఫీసు నుంచి తొందరగా వచ్చి చూస్తే, అత్తమ్మని చూసుకునే మనిషి సీరియల్ చూస్తూ రాగి జావని సిరంజి పిస్టన్‌తో అదిమి లోపలికి తోస్తోంది. ఐదు నిమిషాల్లో గ్లాసున్నర! కడుపు ఎక్కడ పెట్టుకుంటుంది పాపం. ఇప్పుడు పిస్టన్ తీసేసి, పైన పోసి, దానంతట అది దిగేలా వదులుతాం. 200 ఎంఎల్‌కి ఇరవై నిమిషాల నుంచి అరగంట. తల వైపు ఎత్తుగా ఉంచి, అయ్యాక ఇంకో గంట అలాగే కూర్చోబెడతాం. నాలుగు రోజులు మోషన్ కాకపోతే కారుతుంది, దగ్గు పట్టినా కారుతుంది. మలబద్ధకానికి డాక్టరు సిరప్ ఇచ్చాక చర్మం కూడా నయమైందంటే మా ఆయన నమ్మలేదు. యాసిడ్ తగ్గించే మందు కూడా డాక్టరే కలిపారు.

పైపు మీద సెంటీమీటర్ల గుర్తులుంటాయి. చర్మం దగ్గర మాకు మూడున్నర. ఆ అంకె గోడ క్యాలెండర్ మీద స్కెచ్ పెన్నుతో రాసి పెట్టాను, ఎవరొచ్చినా మొదట అదే చూడాలి. బిళ్లకీ చర్మానికీ మధ్య అర సెంటీమీటరు ఆట ఉండాలి. రోజూ పైపుని ఒక చుట్టు తిప్పమన్నారు మాకు. పేగుదాకా వెళ్లే పైపు ఉన్నవాళ్లు మాత్రం తిప్పకూడదు, మీ డాక్టర్ని అడగండి.

టేపులకి మార్కుల్లేవు. ముసలి చర్మం, తీసినప్పుడల్లా పొర లేచేది. పాత నూలు చీర చింపి, నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ కుట్టి, నడుముకి వదులుగా కట్టి అందులో పైపుని దోపుతున్నాం. ఒకరోజు కుడికి, మరుసటి రోజు ఎడమకి, ఒకే వైపు ఒత్తుకోకుండా. ఖర్చు సూది దారం.

ఇంకా తేలనిది ఒకటుంది. రంధ్రం అంచున దానిమ్మ గింజలా ఎర్రటి తడి కండ పెరుగుతుంది, ముట్టుకుంటే నెత్తురు వస్తుంది. పైపు అటూ ఇటూ ఆడితే, తడి ఉంటే ఎక్కువవుతుంది. సిల్వర్ నైట్రేట్ పుల్లతో డాక్టరు దాన్ని కాలుస్తారు, చుట్టూ మంచి చర్మానికి వాజిలీన్ రాసి. బూడిద రంగులోకి మారి రాలిపోతుంది. ఇప్పటికి రెండుసార్లు అయింది. ఈ వానల్లో మళ్లీ గింజంత కనిపిస్తోంది. ఇంట్లో చేసుకునే పని కాదు గనక గురువారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. ఆ మాట చెబితే అత్తమ్మ మొహం అటు తిప్పేసుకుంది. కాసేపటికి మెల్లగా, "గా నల్ల పుల్ల పెట్టనంటెనే వస్త" అంది.