ఇంటి కాగితాలు ఎవరికి చూపించాలి: లేఖరికా, బ్యాంకు లాయరుకా, మన లాయరుకా?

గుంటూరు బ్రాడీపేటలో పాత ఇల్లు కొనడానికి అడ్వాన్సు ఇచ్చిన సాయంత్రం మా పిన్ని ఫోను చేసింది. "దస్తావేజు లేఖరి కాగితాలన్నీ చూశాడు, ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రంలో) అప్పులేమీ లేవు, మళ్లీ లాయరు ఖర్చు ఎందుకురా?" అని అడిగింది. వెళ్లమని పట్టుబట్టాను. మూడు రోజుల తర్వాత కాగితాలు చూసిన లాయరు మొదట అడిగిన మాట: "ఈ ఇంటి ఆడపిల్లలు లేరా?"

ఉన్నారు. ఆ ఇల్లు కట్టిన పెద్దాయన వీలునామా రాయకుండా పోయారు. అమ్మకానికి వచ్చినవారు ఆయన ఇద్దరు కొడుకులు, భార్య. తెనాలిలో కాపురం ఉంటున్న కూతురి మాట ఎవరూ ఎత్తలేదు. తండ్రి స్వార్జితానికి, వీలునామా లేకపోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యతో, కొడుకులతో సమానంగా కూతురికీ వాటా ఉంటుంది. ఈ మాట ఈసీ చెప్పదు. రిజిస్టరైన లావాదేవీలనే అది చూపిస్తుంది. వారసులెవరో, రిజిస్టరు కాని వీలునామా ఉందో, కోర్టులో దావా నడుస్తోందో అందులో వెతికినా దొరకకపోవచ్చు. పైగా ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్లాల్సిందే.

దస్తావేజు లేఖరిని నేను తక్కువ చేయను. సరిహద్దులు, కొలతలు, మార్కెట్ విలువ తప్పు లేకుండా రాయడంలో ఆయన చేయి తిరిగినవాడు. కానీ అమ్మేవారు చెప్పిందే రాస్తాడు. హక్కు తేల్చడం ఆయన పని కాదు, సబ్ రిజిస్ట్రారు పనీ కాదు. "రిజిస్ట్రేషన్ అయిపోయింది, ఇక భయం లేదు" అనుకునేవారిని చూస్తే నాకు దిగులు వేస్తుంది. అమ్మినవారికి లేని హక్కు ఎన్ని స్టాంపులు పడినా మనకు రాదు.

బ్యాంకు లాయరు సంగతి వేరు. ఆయన లింకు దస్తావేజులు, అంటే ఆ ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు, నిజంగానే తిరగేస్తాడు. ఆయన వద్దన్న ఇంటి జోలికి పోకపోవడమే మంచిది. అయితే ఆయన అభిప్రాయం ఇచ్చేది బ్యాంకుకు, చూసేది బ్యాంకు ఇచ్చే అప్పు భద్రత. మన చేతి డబ్బు గురించి ఆలోచించే బాధ్యత ఆయనకు లేదు. మనం అప్పుకు వెళ్లేసరికి అడ్వాన్సు అప్పటికే అమ్మేవారి చేతిలో ఉంటుంది. అప్పు లేకుండా కొనేవారికైతే ఆ కాస్త తనిఖీ కూడా ఉండదు.

విజయవాడ పక్కన పోరంకిలోనో కానూరులోనో కొత్త ఫ్లాటు కొంటుంటే ఇంత బెంగ అక్కర్లేదు. ప్రాజెక్టు రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదైందా, ప్లానుకు అనుమతి ఉందా మనమే చూసుకోవచ్చు. రెరా చట్టం ప్రకారం ఒప్పందం రిజిస్టరు చేయకుండా బిల్డరు ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. అక్కడ నేనైతే ఒప్పందం ఒక్కటే లాయరుతో చదివిస్తాను, ముఖ్యంగా స్థలంలో మన వాటా ఎన్ని గజాలో రాశారా అని.

వారసత్వపు ఇల్లు, ఖాళీ స్థలం, జీపీఏ (యజమాని తరఫున వ్యవహరించే అధికారపత్రం) పట్టుకుని అమ్మేవారు: ఈ మూడింటికీ సొంత లాయరే మేలు. అదీ అడ్వాన్సుకు ముందే. స్థలమైతే సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్టరు చేయకూడని ఆస్తుల జాబితాలో, ఉందేమో చూడాలి. జీపీఏ అయితే, దాని మీదే ఇల్లు మనదైపోదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజులు అన్నీ కలిపి ఏడున్నర శాతం కడుతున్నాం. యాభై లక్షల ఇంటికి 3.75 లక్షలు. దాని పక్కన లాయరు ఫీజుకు వెనకాడటం నాకు అర్థం కాదు. లాయరును మాత్రం బ్రోకరు చూపించకూడదు. ఆ ఊరి కోర్టులో సివిల్ కేసులు చూసేవారిని మనమే వెతుక్కోవాలి, అభిప్రాయాన్ని రాతపూర్వకంగా అడగాలి.

పిన్ని వాళ్ల రిజిస్ట్రేషన్ రెండు నెలలు ఆలస్యమైంది. తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం వచ్చాక ఆ కూతురు తెనాలి నుంచి వచ్చి, తన వాటా డబ్బు తాను తీసుకుని, దస్తావేజులో నాలుగో సంతకం పెట్టింది.